శీతకాలపు పల్లె ఇల్లు: తాళము వేయుటకు ముందు

ధనుర్మాసము ప్రవేశించుటతోనే కోస్తా జిల్లాల పల్లెలలో చాలకాలముగా మూతపడియున్న ఇండ్ల తలుపులు ఒక్కటొక్కటిగా తెరచుకొనును. హైదరాబాదునందో, బెంగుళూరునందో, విదేశమునందో స్థిరపడినవారును, ఉద్యోగవిరమణానంతరము పిల్లలయొద్ద కాలము గడుపు పెద్దలును, పంట ఇంటికి వచ్చు వేళకు స్వగ్రామము చేరుదురు. భోగి, సంక్రాంతి, కనుమ సందడిగా ముగియును. కొందరు ముక్కనుమ దాటగానే బయలుదేరుదురు. తీరికగలవారు రథసప్తమి వరకో, శివరాత్రి వరకో నిలిచి, ఎండ ముదురుటకు ముందు తిరిగిపోవుదురు. ఆనాడు వీథితలుపునకు పడిన తాళమును మరల ధనుర్మాసము వరకు తీయువారు ఉండరు.

ఆ నడుమ గడచునవి సుమారు పది నెలలు. ఈ పది నెలలలో ఇల్లు ఒంటరిగా మూడు పరీక్షలకు తట్టుకొనవలెను. మొదటిది వేసవి: ఎండ, వడగాలి, అగ్నిభయము. రెండవది జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనములు తెచ్చు వాన. మూడవది తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 1996 నవంబరు 6న కోనసీమను చెల్లాచెదరు చేసిన తుపానును, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపానును గుర్తునకు తెచ్చుకొన్నచో, మన తీరమున గాలివానల కాలము ఎప్పుడో తెలియును. అవి వచ్చు వేళకు శీతకాలపు ఇండ్లకు ఇంకను తాళములే ఉండును.

అయినను ఇండ్లు పాడగుట అన్నివేళల తుపాను వలననే కాదు. మనుష్యులు కాపురమున్న ఇంటియందును పెంకు జరుగును, తూము పూడును, చెద పట్టును. కాని అచ్చట చూచు కన్ను ఉండును. చుక్క నీరు పడగానే ఇల్లాలు పళ్ళెము పెట్టును, మరునాడు ఎవరో ఒకరు పైకెక్కి పెంకు సరిచేయుదురు. మూసిన ఇంట ఆ చుక్క ఒకేచోట నాలుగు నెలలు పడును. తడిసిన పట్టీ మెత్తబడును, దానివెంట వాసము నానును, నానిన వాసమునకు చెద చేరును, వాసము క్రుంగగా మరి పది పెంకులు జారును. తొలినాడు ఒక పెంకుతో తీరవలసిన పని ఏడాది తిరుగునప్పటికి వడ్రంగిని, తాపీమేస్త్రీని, కూలీలను కోరును. కావున ప్రయాణమునకు ముందు చేయు పనులన్నిటి పరమార్థము ఒక్కటే: మనము లేని పది నెలలలో మన కన్ను చేయవలసిన పనిని ముందుగానే చేసిపోవుట.

మొదట ఇంటి కప్పును చూడవలెను. మన ప్రాంతమున బెంగుళూరు పెంకు అని వ్యవహరించునది నిజమునకు మంగుళూరు పెంకు. బాసెల్ మిషనువారు 1865లో మంగుళూరునందు స్థాపించిన కర్మాగారముతో ఆ పరిశ్రమ ఆరంభమైనది. ఒక పెంకు అంచున ఉన్న గాడిలో ప్రక్కపెంకు అంచు అమరును. పెంకు అడుగున ఉన్న ముక్కు పట్టీని పట్టుకొనును. ఈ రెండు పట్టులలో ఏది తప్పినను నీరు లోపలికి దారి చేసికొనును. కోతులు గెంతుట చేతను, కొబ్బరికాయ పడుట చేతను, పట్టీ వంగుట చేతను పట్టు తప్పును.

పైకెక్కకయే పెంకు లోపమును కనిపెట్టు సులభోపాయము ఒకటి కలదు. మిట్టమధ్యాహ్నము తలుపులు కిటికీలు మూసి, దీపములు ఆర్పి, గదినడుమ నిలిచి పైకి చూడవలెను. వెలుతురుకొరకు అమర్చిన గాజుపెంకు కాక, మరెచ్చటనైనను సూదిమొనయంత వెలుగు కనబడినచో వాన అచ్చటనే దిగునని తెలిసికొనవలెను. ఆ చోటునకు నేరుగా క్రింద నేలపై సుద్దతో గుర్తు పెట్టిన, పనివానికి వెదకుకొను శ్రమ తప్పును. దింపిన పెంకును వ్రేలితో తట్టిచూచినచో మంచిపెంకు ఖంగున మ్రోగును, బీటవారినది బొంగురుగా పలుకును. పెంకులపై నేరుగా అడుగు వేయరాదు. వాసములకు అడ్డముగా నిచ్చెన పరచి, బరువును దానిపై మోపి పనిచేయవలెను. అన్ని కర్మాగారముల పెంకులును ఒకే కొలతలో ఉండవు కావున, తన ఇంటి పెంకునకు సరిపోవు పెంకులు ఇరువదియైనను పెరటిలో పేర్చి ఉంచుట మంచిది. వానాకాలమున తాళము ఉన్నవారికి అవి అక్కరకు వచ్చును.

నాటుపెంకు ఇండ్లకు శ్రద్ధ మరింత కావలెను. గూనపెంకు తన బరువుతోనే నిలుచునది కావున గాలికిని, ఉడుతకును, పిల్లికిని సులభముగా కదలును. ఎండ ఉండగానే పెంకును తిరగవేయించి, విరిగినవానిని తొలగింపవలెను. ఏ పెంకుటింటనైనను రెండు వాలులు కలియు మూల మిక్కిలి బలహీనమైన చోటు. రెండు వైపుల నీరును అచ్చటికే వచ్చును, ఆకులలములును అచ్చటనే చేరును. ఆ మూలలో పరచిన రేకు తుప్పుపట్టి చిల్లులు పడినదేమో చూచి, అవసరమైన క్రొత్త రేకు వేయింపవలెను.

డాబా ఇంటివారు తమకు ఈ బాధ లేదనుకొందురు. డాబాకు కావలసినది నీరు పోవు గొట్టము తెరపిగా ఉండుట. పిచ్చుకగూడో, ఎండుటాకుల ముద్దయో గొట్టమునకు అడ్డుపడినచో పిట్టగోడల నడుమ నీరు చెరువువలె నిలుచును. గొట్టము దగ్గర నాలుగు బిందెల నీరు కుమ్మరించి, అది క్రిందికి ఎంత వేగముగా పోవుచున్నదో కన్నులార చూడవలెను. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలి సోకి కాంక్రీటులోని ఇనుపచువ్వలు తుప్పుపట్టును. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి, పై సిమెంటును పగులగొట్టును. కప్పు అడుగున చువ్వ వెంబడి నిలువుగా బీటయో ఉబ్బుయో కనబడిన, దానికి సున్నము పూసి కప్పిపుచ్చరాదు. ఊడు పెచ్చును రాల్చి, చువ్వను శుభ్రముచేసి, మరల పూత వేయింపవలెను.

ఇంటిచుట్టును ఉన్న కొబ్బరిచెట్లను కూడ కప్పులో భాగముగనే ఎంచవలెను. ప్రయాణమునకు వారము ముందు దింపు చేయించి, పండుకాయలను, ఎండుమట్టలను, డొలకలను తీయించినచో పెంకునకు సగము ముప్పు తొలగును. కొమ్మయైనను మట్టయైనను కరెంటు తీగను తాకుచున్నచో దానిని తాముగా నరుకబూనరాదు. విద్యుచ్ఛాఖ వారికి తెలిపి, సరఫరా ఆపించి, వారిచేతనే తొలగింపజేయవలెను.

కప్పు తరువాత తూము. మండువా లోగిలి కట్టిన మన పెద్దలు నాలుగు వాలుల నీటిని ఇంటినడుమకే రప్పించి, తూముద్వారా వెలుపలికి పంపిరి. ఇది సొగసైన ఏర్పాటు. కాని ఆ ఇంటి క్షేమమంతయు ఒక్క తూముపై ఆధారపడియున్నది. అది పూడినచో వాననీరు వసారాల మీదుగా గదులలోనికి ప్రవహించును. తూములో పొడవైన వెదురుబద్దను పోనిచ్చి, మట్టిని లాగి, వెలుపలి నోటినుండి నీరు ధారగా వచ్చువరకు కడుగవలెను. లోపలి నోటికి గట్టి ఇనుపజల్లెడ అమర్చినచో ఆకులు పోవు, ఎలుకలు రావు. జల్లెడ మరీ సన్ననిదైనచో ఆకులచే కప్పబడి తానే తూమును మూసివేయును. కావున చిటికెనవ్రేలు దూరునంతటి కన్నులు గలది తగియుండును.

ఇంటి వెలుపల చూరునీరు పడు చోటులను కూడ గమనింపవలెను. నేల గోడవైపునకు వాలియున్నచో నీరు పునాదిలోనికి ఇంకును. రెండు గంపల మట్టిపోసి వాలును అవతలికి త్రిప్పుట అరపూట పని. గోడ సందులలోను, డాబా అంచులలోను పక్షులు విడిచిన రావి, మర్రి గింజలు మొలకెత్తును. జానెడు మొక్కగా ఉన్నపుడు వేరుతో పెకలింపవచ్చును. చిగురు మాత్రమే త్రుంచినచో అది వేరుబలముతో మరల లేచును, రెండు వానాకాలములలో గోడను చీల్చును. పెకలించిన రంధ్రమును సున్నముతోగాని సిమెంటుతోగాని పూడ్చుట మరువరాదు.

ఇక చెద. చెదపురుగు పొడిగాలిని, వెలుగును ఓర్వజాలదు. అందుచేతనే నేలనుండి కఱ్ఱవరకు మట్టితో సన్నని గొట్టము కట్టుకొని, దానిచాటున రాకపోకలు సాగించును. గోడపై అట్టి మట్టిగీత కనబడినచో మొత్తమును తుడిచివేయక, నడుమ బెత్తెడు మేర పగులగొట్టి మూడు నాలుగు దినములు వేచిచూడవలెను. మరల అతికినచో లోపల పుట్ట సజీవముగా ఉన్నదన్నమాట. ఈ పరీక్షకు వ్యవధి కావలెను గనుక ప్రయాణమునాడు చేయుటకు వీలులేదు. గుమ్మములను, దూలములను, వాసముల చివరలను సుత్తిపిడితో తట్టి చూడవలెను. గుల్లగా మ్రోగినచోట పైకి రంగు బాగుగానే ఉన్నను లోన తిని ఉండును. మందు చల్లించునపుడు నేలయు గోడయు కలియు అంచు వెంబడి చిన్నరంధ్రములు చేసి అందులో పోయింతురు. ఆ పని తెలిసినవారిచేతనే చేయింపవలెను. అవి విషములు. బావి దరిని వాడరాదు. జీడిపిక్కల పైతొక్కనుండి తీయు నూనెను కఱ్ఱకు పూయు వాడుకయు కలదు. అది కఱ్ఱకు మేలు చేయును గాని చర్మమును పొక్కించును కావున చేతికి తొడుగు లేనిదే ముట్టరాదు.

చెదకు ఆహారము దొరకని రీతిగా సామాను సర్దుట మందుకంటె మేలు. మిగిలిన వంటచెరకును గోడకు ఆనించి పోరాదు. పెట్టెలను, బీరువాలను గోడకు జానెడు దూరముగా జరిపి, ఇటుకలపై ఎత్తి నిలుపవలెను. పరుపులను రెండు దినములు ఎండలో వేసి, చల్లారిన పిదప మంచముపై నిలువుగా ఆనించినచో గాలి ఆడును. పుస్తకములు, పాతఫొటోలు నేలబీరువాలో కాక పై అరలలో ఉండవలెను. పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజులు, నగలు వంటివానిని మూసిన ఇంట ఎన్నడును విడువరాదు.

వంటయింట విడిచిన గుప్పెడు నూకలు ఎలుకను పిలుచును, ఎలుక పామును పిలుచును. కావున పప్పు, బియ్యము, బెల్లము, నూనె ఉన్నంత వరకు పంచిపెట్టుటయే మేలు. విత్తనపు వడ్లు నిలువచేయవలసి వచ్చినచో తేమ నూటికి 13 పాళ్ళకు మించకుండ ఎండబెట్టి, మూతగల డబ్బాలలో పోసి, ఎత్తున ఉంచవలెను. బొటనవ్రేలు పట్టు రంధ్రము చాలును, ఎలుక దూరుటకు. అట్టి రంధ్రములను గుడ్డపేలికలతో కాక, గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చవలెను. ఎలుక తిండికొరకే రాదు, పండ్లు అరుగుటకై కరెంటు తీగల తొడుగును కూడ కొరుకును. మూసిన ఇంట అగ్నిప్రమాదమునకు అదియొక కారణము కాగలదు.

అగ్నిభయమునుగూర్చి మరికొన్ని మాటలు చెప్పవలెను. మాఘ ఫాల్గుణములలో పెరటినిండ క్రొత్తగడ్డి వాములు ఉండును. ఎండలు ముదిరిన పిదప ఎక్కడినుండియో ఎగిరివచ్చిన నిప్పురవ్వ చాలును. వామిని ఇంటిచూరునకు, ప్రక్కవారి చూరునకు కూడ దూరముగా వేయింపవలెను. మిగిలిన పిడకలను, కొబ్బరిమట్టలను చూరుక్రింద పేర్చి పోరాదు. పొయ్యిలోని బూడిదను నీటితో తడిపి, చల్లారినదని రూఢిచేసికొన్న పిదపనే ఊడ్వవలెను.

గ్యాసు సిలిండరునకు మీట కట్టినంతమాత్రమున చాలదు. రెగ్యులేటరును తీసి, సిలిండరు మూతికి రక్షణమూత బిగించి, గాలియాడు చోట నిలువుగా ఉంచవలెను. ఫ్రిజ్జును ఒకదినము ముందుగా ఆపి, మంచు కరగించి, పొడిగుడ్డతో తుడిచి, తలుపు మూతపడకుండ చిన్న కఱ్ఱముక్క అడ్డుపెట్టవలెను. మూసిన ఫ్రిజ్జులో బూజు పట్టును. ఇన్వర్టరు బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి, శుద్ధజలము గుర్తువరకు పోసి, తీగలను విడదీయవలెను. నెలల తరబడి ఛార్జి లేకుండ పడియున్న బ్యాటరీలోని పలకలపై పొర గట్టిపడి, అది మరల పనికి రాకుండ పోవును. దూరదర్శిని తీగలను, డిష్ తీగను గోడనుండి ఊడదీసినచో పిడుగుపాటుకు అవి లోబడవు. తోటకు నీరు పెట్టవలసిన మోటారున్నచో దానికి మాత్రము విడిగా ఒక లైను ఏర్పాటు చేయించి, తక్కిన ఇల్లంతటికి మెయినుస్విచ్చి ఆపవలెను. వేసవిలో కాలువలు కట్టివేసిన పిదప మొక్కలకు మోటారే దిక్కు కావున ఈ ఏర్పాటు వృథా కాదు.

నిలువనీటి విషయమున ఏమరుపాటు మనకే కాక ఊరికి కూడ కీడు చేయును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగుకాలువలలో కంటె ఇండ్లలోని శుభ్రమైన నిలువనీటిలోనే ఎక్కువగా పెరుగును. అది తొట్టి లోపలిగోడకు, నీటిమట్టమునకు కొంచెము ఎగువన గ్రుడ్లు అంటించును. నీరు ఆరినను ఆ గ్రుడ్లు నెలల తరబడి చావక యుండి, తొలివాన తగులగానే పొదుగును. గ్రుడ్డు పొదిగిన పిదప వారము పది దినములలో దోమ ఎగురును. కావున తొట్లను, గంగాళములను బోర్లించుటకు ముందు లోపలిగోడలను కొబ్బరిపీచుతో గట్టిగా తోమవలెను. పెరటిలోని రోటిగుంత ఎవరి కంటను పడని చిన్నచెరువు. దానిని ఇసుకతో నింపుట సులభము. పాతటైర్లు, కొబ్బరిచిప్పలు, పూలకుండీల క్రిందిపళ్ళెములు కూడ ఈ కోవలోనివే.

మేడపైని ప్లాస్టిక్ ట్యాంకు విషయమున ఒక చిక్కు కలదు. దోమకు భయపడి ఖాళీచేసినచో తేలికయైన ట్యాంకును తుపానుగాలి ఎత్తి పడవేయవచ్చును. నిండుగా ఉంచినచో మూత వదులైనంతనే దోమలు చేరును. 500 లీటర్ల నీరు 500 కిలోల బరువు. ఆ బరువే దానికి లంగరు. కావున మూత బిగుతుగా పట్టునదైనచో దానికి దోమతెర గుడ్డ చుట్టి, త్రాటితో కట్టి, నీటితోనే ఉంచవచ్చును. మూత సరిగా లేనిచో ఖాళీచేసి, తోమి, గట్టి మోకుతో కట్టివేయవలెను. నిలువయున్న ఆ నీటిని తిరిగివచ్చిన పిదప వాడుకొనక పారబోయవలెను.

మరుగుదొడ్డి గిన్నెలో ఎల్లపుడు నిలిచియుండు కొద్దినీరే మురుగువాసనను, బొద్దింకలను లోపలికి రాకుండ ఆపునది. వేసవిలో అది ఆవిరియై పోవును. చివరగా నీరుపోసి, రెండు చెంచాల వంటనూనె పైన వేసి, గిన్నెను పలకతో మూసిన ఆవిరి తగ్గును. బావి ఉన్నచో చేదను, త్రాటిని తీసి లోపల పెట్టి, బావినోటికి ఇనుపచట్రము బిగించి తాళము వేయవలెను. ఎవరును లేని పెరటిలోనికి ఆటలాడు పిల్లలు వత్తురు. బంతి వెంట వచ్చిన పిల్లవాడు బావిని చూడకపోవచ్చును. పని ఒత్తిడిలో మరి ఏది వాయిదా వేసినను దీనిని వేయరాదు.

ఇంటిని గట్టిగా మూయవలెనను ఆత్రముతో గాలిని కూడ బంధింపరాదు. ఊపిరాడని గదిలో తేమ గోడలకు పట్టి, బట్టలకు బూజును, తలుపులకు ఉబ్బును తెచ్చును. పైకిటికీలకు సన్నని ఇనుపవల వేయించి తెరచి ఉంచినచో పురుగు రాదు, గాలి ఆడును. బీరువా తలుపులను కొద్దిగా తెరచి ఉంచవచ్చును. మడతబందులకును, గడియలకును చమురు వేయవలెను. తాళము లోపలికి మాత్రము కొబ్బరినూనె వేయరాదు. అది చలికి గడ్డకట్టి, దుమ్మును పట్టుకొనును. పెన్సిలుముక్కు చెక్కిన నల్లపొడిని తాళపుచెవికి రాచి నాలుగుసార్లు త్రిప్పిన, తాళము చాలకాలము సులభముగా తిరుగును.

ఇన్నియు చేసినను మిగిలిపోవునది ఒకటి కలదు. అది మనుష్యుని కన్ను. నేడు కొందరు వాకిట కెమెరా అమర్చి, వేలమైళ్ళ దూరమునుండి చేతిఫోనులో ఇంటిని చూచుకొనుచున్నారు. కెమెరా దొంగను చూపగలదు కాని జారిన పెంకును సరిచేయజాలదు, తూములోని ఆకును తీయజాలదు. కావున తాళపుచెవిని ఎవరికి అప్పగింతుము, ఏమి చెప్పి అప్పగింతుము అనునది తక్కిన పనులన్నిటికంటె ముఖ్యము. "ఇల్లు కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పుట వలన ప్రయోజనము తక్కువ. ఏది చూడవలెనో, ఎప్పుడు చూడవలెనో వారికి తెలియదు. "పిన్నిగారూ, మొదటి వాన వెలిసిన మరునాడు అబ్బాయిని పంపించి మండువా తూము చూపించండి. నడిమింట్లో నేలమీద తడి ఉంటే నాకు ఒక ఫొటో పంపమనండి" అని చెప్పినచో పిన్నిగారికిని సుళువు, అబ్బాయికిని సుళువు.

ఏడాదిలో నాలుగు దర్శనములు కోరిన చాలును. వేసవిలో తొలి గాలిదుమారము తరువాత ఒకసారి, జూన్‌లో తొలి పెద్దవాన తరువాత ఒకసారి, శ్రావణమాసమున ఒకసారి, తుపాను హెచ్చరిక వెలువడిన వెంటనే ఒకసారి. హెచ్చరిక వచ్చినపుడు చేయవలసినది: వదులు సామాను లోపల వేయుట, కిటికీ రెక్కలు బిగించుట, తూము చూచుట. అంతకుమించి గాలిలో ఎవరును ఇల్లు కాపాడుటకై నిలువరాదు. ఇంటికంటె ప్రాణము విలువైనదని ముందుగనే స్పష్టముగా చెప్పవలెను. పనివారినే నియమించినచో జీతమును, మరమ్మతునకు కొంత రొక్కమును ముందే ఇచ్చిపోవుట న్యాయము. చుట్టరికముతో చూచువారికి సొమ్ము ఇచ్చుట బాగుండదనిపించినచో, కొబ్బరి దింపునో, పెరటి కాయగూరలనో వారికి విడుచుట పల్లెమర్యాద.

ఇరుగుపొరుగువారిని ఇంతగా స్మరించుటకు మరొక కారణము కలదు. మూసిన ఇల్లు ఇంటివారి సొత్తే. కాని దాని కీడు వీథికంతకును చెందును. మన తొట్టిలో పుట్టిన దోమ ప్రక్కింటి పసిబిడ్డను కుట్టును. మన పెరటి పొదలో చేరిన పాము వారి వాకిటికి వచ్చును. మన గడ్డివామి అంటుకొన్నచో వారి ఇల్లు మొదట కాలును. నానిన ఉమ్మడిగోడ కూలినచో దానిక్రింద పడునది అచ్చట కాపురమున్నవారే కాని ఊరు విడిచిపోయిన మనము కాదు. కావున తాళము వేయుటకు ముందు చేయు మరమ్మతు సొంత ఆస్తి రక్షణ మాత్రమే కాదు, ఊరిలో మిగిలియున్నవారి యెడల మన బాధ్యత.

పనులన్నియు ఒక్కనాడు పెట్టుకొన్నచో ఏదో ఒకటి తప్పక మరపునకు వచ్చును. వానికి ఒక వరుస ఉన్నది. రెండు వారముల ముందు కప్పుపరీక్ష, చెదపరీక్ష చేయవలెను. ఈ రెంటికిని పనివారు కుదురుటకు వ్యవధి కావలెను. వారము ముందు కొబ్బరి దింపు, ఆ వెంటనే పగిలిన పెంకుల మార్పు, తూము కడుగుట, గోడమొక్కలు పెకలించుట ముగింపవలెను. దింపు ముందు, పెంకు తరువాత. వరుస తప్పినచో క్రొత్తపెంకుపై కాయపడును. మూడు దినముల ముందు పరుపులు ఎండబెట్టుట, సామాను ఎత్తిపెట్టుట. ముందునాడు ఫ్రిజ్జు, తొట్లు, వంటయిల్లు. బయలుదేరు ఉదయమున పొయ్యి, గ్యాసు, బావి, మెయినుస్విచ్చి. ఈ పట్టికను ఒక అట్టపై వ్రాసి తలుపువెనుక మేకునకు తగిలించిన ఏటేట పనికివచ్చును. ఏ పెంకు మార్చితిరో, ఏ మూల చెద కనబడినదో అచ్చటనే తేదీతో వ్రాసియుంచినచో, మరుసటి ఏడు ఎచ్చట మొదట చూడవలెనో ఆ అట్టయే చెప్పును.

చూచుటకు ఇవి చిన్నపనులు. ఒక్కొక్కటి అరపూటకు మించదు. అయినను మన పల్లెలలో శిథిలమై కనబడు లోగిళ్ళలో పెక్కు, ఈ చిన్నపనులు వరుసగా కొన్ని ఏండ్లు జరుగకపోవుట చేతనే ఆ స్థితికి వచ్చినవి. కప్పు పొడిగాను, తూము తెరపిగాను, నిప్పు చల్లగాను ఉన్న ఇల్లు పది నెలల ఏకాంతమును ఓర్చుకొనగలదు. తాళపుచెవి నమ్మకమైన చేతిలో ఉన్నచో మరల ధనుర్మాసమున తలుపు తీయునపుడు చీపురుతో తీరు పని తప్ప మరేమియు మిగిలియుండదు.